ఇంట్లో నిత్య శివరాత్రికి కొన్ని చిట్కాలు

మా అమ్మాయి పురిటికొచ్చాక ఇంట్లో ఐదుగురమయ్యాం. అందులో నలుగురం నిద్ర మానేశాం. ఐదోది నిద్రపోతోందో లేదో కనిపెట్టడానికే ఈ నలుగురం మేలుకుంటున్నాం. శివరాత్రి జాగారమంటే ఏడాదికి ఒక్క రాత్రి. మేము నాగా లేకుండా 62 రాత్రులు పూర్తిచేశాం. ఇది దానంతటది వచ్చింది కాదు. ఒకళ్ళు మరిచిపోతే ఇంకొకళ్ళు గుర్తుచేస్తూ, పట్టుబట్టి సాధించాం. చంటిపిల్ల ఉన్న ఇంటికి వెళ్ళి, కాఫీ తాగి, సలహా ఇవ్వకుండా లేచి వచ్చేసిన తెలుగువాణ్ణి నేనింతవరకు చూడలేదు. అంచేత నా వంతు నేనూ ఇస్తున్నాను.

ముందు నా అర్హత చెప్పాలి. ముప్పయ్యారేళ్ళు రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసి తెనాలిలో స్థిరపడ్డాను. సర్వీసులో సగం నైట్ డ్యూటీలే. మా పిల్లలిద్దరూ పుట్టినప్పుడు నేను స్టేషన్లో ఉన్నాను. వాళ్ళు రాత్రిళ్ళు గుక్కపట్టి ఏడ్చినప్పుడూ స్టేషన్లోనే ఉన్నాను. కాబట్టి చంటిపిల్లల పెంపకం మీద నా అభిప్రాయాలు వాడకం లేక కొత్తవాటిలా మెరుస్తున్నాయి. మనవరాలు పుట్టగానే వాటిని బయటికి తీశాను.

మొదటి సూత్రం: పుట్టిన పిల్లకు టైంటేబుల్ వేయండి.

ఆస్పత్రి నుంచి తెచ్చిన మూడో రోజే తెల్లకాగితం మీద స్కేలు పెట్టి గళ్ళు గీశాను. రాత్రి తొమ్మిదికి పడక. పదకొండింటికి పాలు. మూడింటికి పాలు. ఐదున్నరకు మేలుకొలుపు. కాగితాన్ని ఉయ్యాలతొట్టి పక్కన గోడకి, పిల్లకు తిన్నగా కనబడేట్టు అంటించాను. పిల్ల అటే చూస్తూ పడుకుంది. నాకు తృప్తి కలిగింది. మా ఆవిడ తువ్వాళ్ళు మడత పెడుతూ, "దానికి జానెడు దూరం దాటి సరిగా ఆనదండీ" అంది.

ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు, దీనికి పెద్దల అండ ఉంది. అమెరికాలో ఎమ్మెట్ హోల్ట్ అని పిల్లల వైద్యంలో మహాపేరున్న డాక్టరు 1894లో తల్లులకోసం ఒక పుస్తకం రాశాడు. పాలకీ నిద్రకీ గడియారం చూసుకోమన్నాడు. పసివాడి ఏడుపు ఊపిరితిత్తులకు వ్యాయామమన్నాడు. ఆ తర్వాత 1928లో జాన్ వాట్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇంకాస్త ముందుకెళ్ళి, పిల్లల్ని ముద్దులాడొద్దు, ఒళ్ళో కూర్చోబెట్టుకోవద్దు, పొద్దున్నే లేచాక షేక్‌హ్యాండ్ ఇవ్వండి చాలు అని రాశాడు. ఆరో రోజు ఉదయం నేను ప్రయత్నించాను. పిల్ల నా చూపుడువేలు పట్టుకుని వదల్లేదు. ఇరవై నిమిషాలు వంగి నిలబడ్డాను. నడుం పట్టేసింది.

డాక్టరమ్మకు కాగితం చూపిస్తే ఆవిడ నవ్వలేదు, అదే నయం. "తాతగారూ, తొమ్మిది నెలలు చీకట్లో ఉండి వచ్చింది, పగలేదో రాత్రేదో దానికెలా తెలుస్తుంది?" అంది. మన ఒంట్లో ఒక గడియారం ఉంటుందిట. చీకటి పడ్డాక మెలటోనిన్ అనే హార్మోను ఊరి మనకి నిద్ర తెప్పిస్తుందిట. పిల్లల్లో ఆ గడియారం తిన్నగా తిరగడానికి రెండు మూడు నెలలు పడుతుందిట. అందాకా తల్లి రాత్రిపూట ఇచ్చే పాలలోనే ఆ హార్మోను కాస్త కలిసి వస్తుందిట. పైగా పొట్ట చిన్నది, పాలు తొందరగా అరుగుతాయి, రోజుకు 8 నుంచి 12 సార్లు తాగాల్సిందే. అంటే గడియారం బిగించకుండానే స్టేషన్ ప్రారంభించేశారన్నమాట. రైల్వేలో అయితే ఎంక్వయిరీ వేసేవాళ్ళు.

ఆ గడియారం తొందరగా కుదురుకోకుండా చూడటం మీ చేతుల్లోనే ఉంది. పగలు కిటికీలు మూసి, కర్టెన్లు దించి, ఇంటిల్లిపాదీ మునివేళ్ళ మీద నడవండి. కుక్కరు విజిల్ వేయబోతే పరుగెత్తి స్టవ్ కట్టేయండి. అదే అర్ధరాత్రి పొత్తిగుడ్డ మార్చాల్సి వస్తే మాత్రం ట్యూబులైటు వేసి, అందరూ తొట్టి చుట్టూ చేరి, "ఎవరమ్మా లేచిందీ? మా బంగారుతల్లేనా లేచిందీ?" అని తలోమాటా పలకరించండి. గిలక్కాయ కూడా ఆడించండి. ఈ ఇంట్లో జాతర నడిరాత్రి జరుగుతుందని పిల్లకు పది రోజుల్లో అర్థమైపోతుంది. మా ఆవిడ దీనికి సరిగ్గా అడ్డంపడింది. పగలు పిల్లని వీధిగది వెలుతుర్లో పడుకోబెట్టి, పక్కనే కూర్చుని మిక్సీ వేసేది. రాత్రయితే జీరో బల్బు, గుడ్డ మార్చడం, పాలకి అందించడం, అంతే. ఒక్క మాట ఉండదు. మొహంలో నవ్వు కూడా ఉండదు. చూసేవాళ్ళకి కఠినంగా ఉంటుంది.

రెండో సూత్రం: పిల్ల కిక్కురుమనగానే ఎత్తుకోండి.

ఇది చాలా ఫలితమిచ్చే చిట్కా. చంటిపిల్లలు నిద్రలో కాళ్ళు కొట్టుకుంటారు, మూలుగుతారు, మొహం చిట్లిస్తారు, బోసినోరు తెరిచి నవ్వుతారు, కిందిపెదవి విరుస్తారు. దేవుడు ఆడిస్తున్నాడని మా అమ్మ అనేది. షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్స్కీ అనే విద్యార్థి 1950ల మొదట్లో పడుకున్న పసిపిల్లల రెప్పల కదలికను గంటలతరబడి చూస్తూ పనిచేశాడు. ఆ దారినే వెళ్ళి, రెప్పల వెనక కళ్ళు చకచకా కదిలే నిద్ర ఒకటుందని తన గురువు క్లైట్‌మన్‌తో కలిసి 1953లో లోకానికి చెప్పాడు. అప్పుడే పుట్టిన పిల్లల నిద్రలో ఇంచుమించు సగం ఆ రకం నిద్రేనట. అంటే పిల్ల మూలిగిన ప్రతిసారీ లేచినట్టు కాదు. చాలాసార్లు నిద్రలో ఉండగానే ఆ హడావుడంతా చేస్తోంది. ఒక నిమిషం ఊరుకుంటే మళ్ళీ సర్దుకుంటుంది.

ఆ నిమిషమే మనకు ప్రమాదం. ఊరుకోకూడదు. మా ఇంట్లో పిల్ల "ఉఁ" అంటే ముగ్గురం మూడు గుమ్మాల్లోంచి దూకేవాళ్ళం. ఎవరు ముందు చేరితే వాళ్ళు ఎత్తేవాళ్ళు. హాయిగా నిద్రపోతున్న పిల్ల గాల్లో కళ్ళు తెరిచి, మా ముగ్గురి మొహాలూ చూసి, అప్పుడు నిజంగా ఏడ్చేది. "చూశారా, లేచే ఉంది" అనేవాణ్ణి నేను.

ఇక పడుకోబెట్టడంలో చిట్కా. ఇది దగ్గరుండి చూడాలి. ఒకరోజు తెల్లవారుజామున మూడు కావస్తోంది. పాలు తాగింది, త్రేన్పు వచ్చింది, అల్లుడుగారు భుజాన వేసుకుని ఫ్యాను కింద ఊగుతూ నిలబడ్డారు. పాపం ఆయనకి మర్నాడు తొమ్మిదింటికి మీటింగు. వాళ్ళ కంపెనీ పిల్ల పుట్టిందని ఐదు రోజులు సెలవిచ్చి చేతులు దులుపుకుంది. కేంద్రప్రభుత్వ ఉద్యోగికైతే పదిహేను రోజులుంది. మా రోజుల్లో స్టేషన్ మాస్టరుకి కబురొచ్చేది, అంతే. సరే, పిల్ల కళ్ళు మూసింది. ఆయన గబుక్కున దించలేదు. ఈ వయసు పిల్లలు ముందు ఆ కదిలే నిద్రలోకి జారి, పావుగంటో ఇరవై నిమిషాలో గడిచాకే గాఢనిద్రకు చేరతారని ఆయన ఎక్కడో చదివారట. ఆగారు. పిల్ల పిడికిలి విడింది. చెయ్యి తడిగుడ్డలా వేలాడింది. అప్పుడు కదిలారు. మోకాలు టక్కుమంది. ఊపిరి బిగబట్టారు. ముందు పిర్రలు ఆనించి, తర్వాత నడుము, తర్వాత తల. తల కిందినుంచి అరచేతిని ఒక్కో వేలే లాక్కుంటున్నారు. నాలుగు వేళ్ళు వచ్చాయి. బొటనవేలు ఒక్కటే మిగిలింది.

సరిగ్గా అప్పుడు గుమ్మంలోంచి నేను గుసగుసగా, "పడుకుందా?" అన్నాను.

నాది స్టేషన్ మాస్టరు గుసగుస. రెండో ప్లాట్‌ఫారానికి వినబడుతుంది. పిల్ల ఎక్కణ్ణుంచో జారిపడుతున్నట్టు రెండు చేతులూ బార్లా చాపి గాలిని వాటేసుకుంది. దీన్ని ఎర్న్‌స్ట్ మోరో అనే ఆస్ట్రియన్ డాక్టరు 1918లో రాసిపెట్టాడు, ఇప్పటికీ డాక్టర్లు ఆయన పేరే చెబుతారు. మన వాళ్ళు ఉలికిపాటు అంటారు. ఆ తర్వాత వచ్చిన ఏడుపుకి పక్కింట్లో లైటు వెలిగింది. అల్లుడుగారు నన్ను చూశారు. "మామయ్యగారూ..." అని ఆగిపోయారు. పెద్దల పట్ల గౌరవం ఉన్న మనిషి.

మూడో సూత్రం, రాత్రి బాగా పడుకోవాలంటే పగలు పడుకోనివ్వకండి. మనకు పనిచేసే లెక్కే కదా, పిల్లకెందుకు పనిచేయదు? పుట్టిన తొలివారాల్లో పిల్ల ఒక విడతకు ముప్పావుగంటో గంటో మేలుకోగలదు, అంతకు మించితే తట్టుకోలేదు. ఆవలిస్తుంది, మొహం పక్కకు తిప్పుకుంటుంది, పిడికిలితో ముక్కూ కళ్ళూ రుద్దుకుంటుంది. అదీ సిగ్నల్. ఆ సిగ్నల్ చూడగానే చిటికెలు వేయండి, పైకీ కిందికీ ఎగరేసినట్టు చేయండి, అమెరికాలో ఉన్న మేనత్తకి వీడియో కాల్ చేసి చూపించండి. అలిసిపోయిన పిల్లకి నిద్ర పట్టదు. పట్టినా కుదురుగా ఉండదు. మనకు కావలసింది అదే.

బారసాలనాడు ఈ సూత్రం బ్రహ్మాండంగా అమలైంది. ఇరవై ఒకటో రోజు. నూట నలభైమంది. పిల్లని ఉయ్యాల్లో వేసి లాలిపాటలు పాడారు. అన్నమయ్య జోలలు మొదలుకొని సినిమాపాటల దాకా, నిద్రపుచ్చడానికి పుట్టిన పాటలన్నీ మైకులో పాడి పిల్లని నాలుగు గంటలు నిద్రపోనివ్వలేదు. "ఒక్కసారి చూసి వెళ్ళిపోతాం" అన్నవాళ్ళు బుగ్గ గిల్లి వెళ్ళారు. ఫొటోగ్రాఫరు "కళ్ళు తెరిపించండి సార్" అన్నాడు. తెరిపించాను. ఆ రాత్రి గురించి రాయను.

నాలుగోది రిజిస్టరు. స్టేషన్లో వచ్చే బండి, పోయే బండి నిమిషాలతో సహా రాస్తాం. అదే పద్ధతిలో ఒక లాంగ్‌బుక్కు తెచ్చి పిల్ల నిద్ర రాయడం మొదలుపెట్టాను. అల్లుడుగారు ఫోన్లో ఒక యాప్ పెట్టుకుని అదే పని చేస్తున్నారు. ఇద్దరి లెక్కా కలవక రాత్రి రెండింటికి వాదించుకునేవాళ్ళం. పిల్ల నిద్రపోవడం లేదని డాక్టరమ్మకు ఆధారాలతో ఫిర్యాదు చేయాలని నా పట్టుదల. 41వ రోజు పద్దు తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాను. అర్ధరాత్రి దాటి పది నిమిషాల నుంచి రెండూ ఇరవై అయిదు దాకా ఒకటి. రెండూ యాభై అయిదు నుంచి నాలుగూ నలభై దాకా ఒకటి. ఐదూ ఇరవై నుంచి ఏడున్నర దాకా ఒకటి. ఇలా పది ముక్కలు. సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా ఎర్రసిరాతో "ఏడుపు".

ఆవిడ కాలిక్యులేటరు తీసి ముక్కలన్నీ కూడింది. 14 గంటల 50 నిమిషాలు వచ్చింది. "మూడు నెలల్లోపు పిల్లలు రోజుకు 14 నుంచి 17 గంటలు పడుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మీ మనవరాలు పడుకుంటోంది. పుట్టిన పిల్లల నిద్ర ఒక్కో చుట్టు గంటలోపే. ముక్కలుగానే ఉంటుంది. బరువు పెరుగుతోంది, ఉచ్చ సరిగా పోస్తోంది. మీ అమ్మాయి ఎన్ని గంటలు పడుకుందో రాశారా?" అంది.

రాయలేదు. రిజిస్టర్లో ఆ గడి లేదు.

ఎర్రసిరా సంగతికొస్తే, సాయంత్రం ఏడుపు వేళ ఇంట్లో సభ పెట్టడం చాలా ముఖ్యం. పక్కింటి పిన్నిగారు దిష్టి అంది. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేస్తే ఆ కోరుకి పిల్లతోపాటు మేమూ దగ్గాం. మా వదినగారు కడుపునొప్పి అంది. నేను టైంటేబుల్ తప్పడం వల్ల అన్నాను. ఎవరో ఒకరు, రోజూ ఎవరో ఒకరు, "పాలు చాలట్లేదేమో" అన్నారు. ఈ ఏడుపుకి మారిస్ వెసెల్ అనే అమెరికన్ పిల్లల డాక్టరు 1954లో ఒక కొలత చెప్పాడు: రోజుకు మూడు గంటలు, వారానికి మూడు రోజులు దాటి, మూడు వారాలకు పైగా. ఆరోగ్యంగా ఉన్న పిల్లలూ ఇలా ఏడుస్తారు. ఆరు వారాల వయసుకి బాగా ముదిరి, మూడు నాలుగు నెలలకి దానంతటదే తగ్గుతుంది. మా 41వ రోజంటే ఇంచుమించు ఆరు వారాలు. జ్వరమొస్తేనో, పాలు మానేస్తేనో, వాంతులు పచ్చగా అవుతుంటేనో ఆగకుండా తీసుకురమ్మంది డాక్టరమ్మ. అవేవీ లేకపోతే ఎత్తుకోండి, ఊపండి, కాస్త మెల్లగా మాట్లాడండి, అది పోతుంది అంది. ఓపిక చచ్చి చేతులు వణికితే, పిల్లని పక్కమీద వెల్లకిలా పడుకోబెట్టి ఐదు నిమిషాలు వరండాలోకి వెళ్ళి నిలబడండి, ఎన్నడూ కుదపొద్దు, కుదిపితే మెదడులో రక్తనాళాలు చిట్లుతాయి అంది.

"పాలు చాలట్లేదేమో" అన్న మాట వారంలో పదిసార్లు విన్నాక మా అమ్మాయి స్నానాలగదిలో కుళాయి తిప్పి ఏడ్చింది. బకెట్టు నిండి పొర్లుతున్నా కుళాయి కట్టలేదు. ఆ చప్పుడు నేను విన్నాను. దానికి నా దగ్గర సూత్రమేమీ లేకపోయింది.

ఇక్కడ ఎర్రజెండా ఊపుతున్నాను. ఇంతవరకు చెప్పినవి పాటిస్తే నిద్రే పోతుంది. ఇప్పుడు చెప్పేవాటిలో ప్రాణాలు పోతాయి. అంచేత ఇందులో ఒక్క వంకరమాటా లేదు.

పిల్లని బోర్లా పడుకోబెట్టకండి. బోర్లా వేస్తే గట్టిగా పడుకుంటుందని అందరికీ తెలుసు, నిజమే కూడా. ఊపిరి ఇబ్బందైనా లేవలేనంత గట్టిగా పడుకుంటుంది. ప్రపంచమంతా చదివిన డాక్టర్ స్పాక్ పుస్తకం కూడా 1950ల చివరినుంచి బోర్లానే వేయమంది. కక్కుకుంటే గొంతుకి అడ్డంపడుతుందని ఆయన భయం. మంచి మనిషే, మంచి ఉద్దేశమే. తర్వాత పరిశోధనలు అది తప్పని తేల్చాయి. 1991లో బ్రిటన్‌లో, 1994లో అమెరికాలో వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం మొదలుపెట్టాక నిద్రలో ఉన్నట్టుండి పోయే పసిపిల్లల సంఖ్య సగానికి పైగా తగ్గింది. పగలైనా రాత్రైనా, వెల్లకిలానే. గట్టి పరుపు, దానిమీద బిగుతుగా ఒక దుప్పటి. దిండొద్దు, తల గుండ్రంగా వస్తుందని ఆవాల దిండూ వద్దు, మెత్తటి బొంతలూ బొమ్మలూ వద్దు. మన గదిలోనే, దాని పక్క దానికి వేరుగా. చీర ఉయ్యాల్లో పిల్ల ముడుచుకుపోయి గడ్డం గుండెకి ఆనుతుంది, ఊపిరికి ఇరుకు. ఎదురుగా కూర్చుని కాసేపు ఊపుకోండి, రాత్రి పడక మాత్రం అందులో వద్దు. ఉన్నిటోపీ పెట్టి, స్వెట్టరు తొడిగి, తెనాలి ఎండల్లో ఉడకబెట్టకండి. సాంబ్రాణి పొగా వద్దు, చుట్టపొగ అంతకన్నా వద్దు.

నిద్రమందులు అసలే వద్దు. వెనకటికి అమెరికాలో మిసెస్ విన్‌స్లో పేరుతో అమ్మిన సిరప్పులో మార్ఫిన్ ఉండేది. బొంబాయి మిల్లులకు పనికెళ్ళే తల్లులు పిల్లలకు నల్లమందు గోళీ వేసి పడుకోబెట్టి వెళ్ళేవాళ్ళు. రోజంతా పని, చూసే దిక్కులేదు. వాళ్ళనేం అనగలం? మనకు ఆ అవసరం లేదు. మనింట్లో అందరికీ తెలిసిన గ్రైప్‌వాటరు 1851లో ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌లో పుట్టింది. మొదట్లో అందులో ఆల్కహాలు ఉండేది. మీ తాతగారు పసితనంలో హాయిగా పడుకున్నారంటే కారణం అదీ కావచ్చు. ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళూ అక్కర్లేదు. నాలిక్కి తేనె రాయడం ఏడాది నిండేదాకా వద్దు. తేనెలో ఉండగల ఒక సూక్ష్మజీవి పసిపేగుల్లో విషం పుట్టిస్తుంది.

ఇంకొకటి నామీదే చెప్పుకుంటాను. 33వ రాత్రి మూడున్నరకి, అమ్మాయిని కాసేపు పడుకోమని చెప్పి, పిల్లని గుండెలమీద వేసుకుని పడక్కుర్చీలో వాలాను. కళ్ళు మూశాననే నాకు తెలీదు. తెలిసేసరికి గుండెలమీద బరువు లేదు. మా ఆవిడ ఎదురుగా పిల్లని ఎత్తుకుని నిలబడి ఉంది. పిల్ల నా పొట్టకీ కుర్చీ గుడ్డకీ మధ్యకి జారిపోయి, మొహం నా చొక్కాకి నొక్కుకుని ఉందట. సోఫాలో, కుర్చీలో పిల్లతో కునుకు తీయడం అన్నిటికంటే ప్రమాదమని డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది. నేను అప్పుడు టైంటేబుల్ కోసం స్కేలు వెతుక్కుంటున్నాను. మా ఆవిడ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. పడక్కుర్చీ మేడమీదికి ఎక్కించాం.

జెండా దించుతున్నాను. ఇది ఎన్నో సూత్రమో లెక్క తప్పింది, నిద్రలేదు మరి.

పోల్చండి. పోలికలకు మించిన నిద్రాహరణం లేదు. మా వాకింగ్ స్నేహితుడొకాయన, "మా మనవడు నెలన్నరకే రాత్రంతా పడుకున్నాడండీ, అలవాటు చేయడంలో ఉంది" అన్నాడు. నేనది యథాతథంగా ఇంటికి మోసుకొచ్చి టిఫిను దగ్గర అమ్మాయికి వడ్డించాను. ఉప్మా వదిలేసి లేచిపోయింది. తర్వాత తెలిసింది, 'రాత్రంతా' అన్నమాటే పెద్ద మోసమని. 1957లో మూర్, అకో అనే ఇద్దరు పరిశోధకులు రాత్రంతా పడుకోవడానికి పెట్టిన కొలత అర్ధరాత్రి నుంచి ఐదింటిదాకా, అంతే. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున్న ఆరు అని వాళ్ళనలేదు. 2018లో కెనడావాళ్ళు లెక్కేస్తే ఆర్నెల్ల పిల్లల్లో నూటికి ముప్పయ్యెనిమిది మంది వరసగా ఆరు గంటలైనా పడుకోవడంలేదు. వాళ్ళంతా మామూలు పిల్లలే, ఎదుగుదలలో తేడా ఏమీ కనబడలేదు.

ఆ స్నేహితుణ్ణి మళ్ళీ కలిసినప్పుడు నిలదీశాను. "ఏమో మరి, నాకైతే ఎప్పుడూ ఏడుపు వినబడలేదు" అన్నాడు. రాత్రి పడుకోబోయేముందు చెవిమిషన్ తీసి డ్రాయర్లో పెడతాడట. కోడల్ని అడగలేదా అన్నాను. అడగాలని తట్టలేదన్నాడు.

నేను ఇంటికొచ్చి రిజిస్టర్లో కొత్త గడి గీశాను. పిల్ల పక్కన తల్లి. మొదటిరోజు లెక్క మూడు గంటల ఇరవై నిమిషాలు, ఐదు ముక్కలు. పిల్ల పడుకున్నప్పుడు తల్లీ పడుకోవాలని సలహా ఇవ్వనివాళ్ళు లేరు. మరి పిల్ల పడుకున్నప్పుడు గుడ్డలెవరు ఆరేయాలి, వచ్చినవాళ్ళకి కాఫీ ఎవరివ్వాలి అన్న ప్రశ్న మటుకు ఎవరూ ఎత్తరు. మా ఇంట్లో ఇప్పుడు ఐదూ ఇరవై బండి నాది. ఆ వేళకి పిల్ల పాలు తాగేసి ఉంటుంది. నేను తీసుకుని ఏడున్నరదాకా వీధిగదిలో నిటారు కుర్చీలో, కాఫీ తాగి, కళ్ళు బాగా తెరుచుకుని, తొట్టి పక్కన కూర్చుంటాను. డ్యూటీ చార్జి తీసుకునేటప్పుడు గుసగుసలుండవు, చేతి సైగే. అమ్మాయి గది తలుపేసుకుంటుంది. నిన్నటి గడిలో ఆరు గంటల పది నిమిషాలని రాశాను. పిల్ల కూడా మొన్నటినుంచి ఒక విడత నాలుగు గంటలు పడుకుంటోంది. టైంటేబుల్ కాగితం వెనకవైపు తెల్లగానే ఉందని మా ఆవిడ దానిమీద పాలపద్దు రాస్తోంది.

ఇక చివరి మాట. పిల్లని చూడాలని చాలామంది అడుగుతున్నారు. తప్పకుండా రండి. పొద్దున్న పదకొండు తర్వాత అయితే మంచిది. కాలింగ్ బెల్లు నొక్కొద్దు, దాని తీగ నేనే తెంపేశాను. గేటు కిర్రుమంటుంది, తీయొద్దు. బయటే నిలబడి నాకు ఫోను చేయండి. ఫోను సైలెంట్‌లో ఉంటుంది.